నారోబోటులో ఒక వేసవి రోజు: లాంగోలెన్ కాలువ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మే నెల వచ్చిందంటే బ్రిటన్‌లో ఉన్న మన వాళ్ళ ఇళ్ళకి అమ్మానాన్నలు, అత్తామామలు దిగుతారు. లండన్, స్కాట్లాండ్ అయ్యాక "ఇంకెక్కడికి తీసుకెళ్ళాలి" అన్న ప్రశ్న వస్తుంది. నేను ప్రతిసారీ ఒకే జవాబు చెబుతాను: బోటు అద్దెకి తీసుకుని ఒక రోజు లాంగోలెన్ కాలువ మీద ఉండండి. ఆ మాట అనగానే వరసగా ఇరవై ప్రశ్నలు వస్తాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

నారోబోటు అంటే ఏంటి? మామూలు బోటుకీ దీనికీ తేడా ఏంటి?

వెడల్పు 7 అడుగుల లోపే ఉంటుంది, సరిగ్గా చెప్పాలంటే 6 అడుగుల 10 అంగుళాలు. పొడవు మాత్రం 70 అడుగుల దాకా పోతుంది. రోజువారీ అద్దెకి ఇచ్చేవి అంత పొడవు ఉండవు లెండి. లోపలికి వెళితే రైలు పెట్టెలాగా ఉంటుంది, పొడుగ్గా, సన్నగా, రెండు వైపులా కిటికీలతో. 18వ శతాబ్దంలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు తన కాలువల మీద లాకులని, అంటే నీళ్ళు నింపీ వదిలీ పడవని పైకి ఎక్కించే, కిందికి దించే గేట్ల తొట్లని, దాదాపు 7 అడుగుల వెడల్పుతో కట్టించాడు. లాకు సన్నగా ఉంటే కట్టడానికి ఖర్చు తక్కువ, ఒక్కో బోటు దాటడానికి పోయే నీళ్ళూ తక్కువ. అప్పటి నుంచి ఆ లాకుల్లో పట్టాలంటే బోటు సన్నగా ఉండక తప్పలేదు, ఇప్పటికీ అదే కొలత. ఒకప్పుడు వీటిలో బొగ్గు, సున్నపురాయి, ఇనుము, కుండలు వెళ్ళేవి. ముందు గుర్రం, వెనక బోటు, మధ్యలో తాడు. రైళ్ళు వచ్చాక కిరాయిలు పడిపోయాయి, గట్టు మీద ఇంటికి అద్దె కట్టలేక చాలా మంది పడవ వాళ్ళు పెళ్ళాం పిల్లలతో సహా బోటు వెనక ఉన్న చిన్న గదిలోకి మారిపోయారు. ఆ గది పొడవు పది అడుగులు కూడా ఉండేది కాదు, అందులోనే పొయ్యి, మంచం, పిల్లలు, అన్నీ. ఇప్పుడు మనం సరదాకి ఎక్కుతున్న బోటు వెనక ఆ బతుకు ఉంది.

ఇంగ్లండ్ నిండా కాలువలే కదా, లాంగోలెన్ కాలువే ఎందుకు?

మొదటిసారి వెళ్ళే వాళ్ళకి ఇంతకంటే మంచి దారి నాకు తెలియదు. ట్రెవర్ అనే ఊళ్ళో బోటు ఎక్కి చర్క్ వైపు వెళితే దాదాపు 5 మైళ్ళలో రెండు అక్విడెక్టులు (లోయ మీదుగా కాలువని దాటించే వంతెనలు), రెండు టన్నెళ్ళు, ఒక ఎత్తి దించే వంతెన వస్తాయి, లాకు ఒక్కటి కూడా రాదు. వేల్స్‌లో మొదలుపెట్టి చర్క్ దగ్గర నీళ్ళ మీదే ఇంగ్లండ్‌లోకి దాటేస్తారు. గ్లెడ్రిడ్ వంతెన నుంచి హార్స్‌షూ ఫాల్స్ దాకా ఉన్న 11 మైళ్ళ కాలువనీ 2009లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఇంగ్లండ్‌లో బాత్ దగ్గరి కెన్నెట్ అండ్ ఏవన్ కాలువ కూడా అందంగా ఉంటుంది, లండన్ వైపు వాళ్ళకి అదే దగ్గర. కానీ ఈ దారిలో డీ నది మీద ఉన్న పాంట్‌కసల్తె అక్విడెక్టు అక్కడ లేదు.

బోటు నడపడానికి లైసెన్సు కావాలా? నాకు కారు పార్కింగే సరిగ్గా రాదు.

నడిపే వాళ్ళకి లైసెన్సు అక్కర్లేదు. బోటుకి లైసెన్సు ఉండాలి, అది అద్దెకిచ్చే వాళ్ళ బాధ్యత. బయల్దేరే ముందు వాళ్ళే అన్నీ చూపిస్తారు: ఇంజన్ ఎలా ఆన్ చేయాలి, ఎలా ఆపాలి, తాడు ఎలా కట్టాలి, హారన్ ఎక్కడుంది. ఆ పాఠం జరిగేటప్పుడు దయచేసి సెల్ఫీలు ఆపి వినండి, ఇంట్లో ఒక్కరే కాదు, కనీసం ఇద్దరు వినండి. రోజంతా ఒక్కరే నిలబడి నడపలేరు, పైగా రెండో మనిషికి నడపాలని కచ్చితంగా అనిపిస్తుంది.

మరి నడపడం ఎలా? కష్టమా?

స్టీరింగ్ ఉండదు. బోటు చివర నిలబడి టిల్లర్ అనే కర్రని పట్టుకోవాలి, అది నీళ్ళలో ఉన్న చుక్కానిని తిప్పుతుంది. కర్రని కుడికి తోస్తే బోటు మూతి ఎడమకి పోతుంది, ఎడమకి తోస్తే కుడికి. మొదటి పావుగంట అందరూ తికమకపడతారు, గట్టు మీద నడిచే వాళ్ళు నవ్వుతారు, మీరూ నవ్వేయండి. బోటు మూతి దగ్గర కాదు, నడుము దగ్గర తిరుగుతుంది. అంటే ముందు భాగం ఎడమకి పోతుంటే వెనక భాగం కుడికి ఊగుతుంది, కాబట్టి వంతెన కింద మలుపు తిప్పేటప్పుడు వెనక్కి కూడా ఒక చూపు వేయాలి.

బ్రేకులు లేవు. ఆగాలంటే రివర్స్ గేరు వేయాలి, అది కూడా వెంటనే పట్టదు, టన్నుల కొద్దీ ఇనుము కదా. రివర్స్‌లో ఉన్నప్పుడు టిల్లర్ దాదాపు పనిచేయదు, కాబట్టి వెనక్కి వెళ్ళి తిప్పుకుందాం అనే ఆలోచన మానేసి, ముందే నెమ్మది చేసుకోవడం మేలు. కాలువ మధ్యలో నడపండి, అంచుల్లో లోతు తక్కువ. ఎదురుగా బోటు వస్తే మనం కుడివైపుకి జరగాలి. ఇండియాలోనూ బ్రిటన్‌లోనూ రోడ్డు మీద ఎడమ వైపు అలవాటైన మనకి ఇదొక్కటి గుర్తు పెట్టుకోవడమే అసలు పరీక్ష. నేను మొదటి మలుపుకి ముందే పక్కన నిలబడ్డ వాళ్ళకి "ఎదురొస్తే కుడికి అని అరవండి" అని డ్యూటీ వేస్తాను.

స్పీడెంత?

గంటకి 4 మైళ్ళు దాటకూడదు. నిజానికి 3 కూడా పోరు. గట్టున కట్టేసి ఉన్న బోట్లు కనబడితే ఇంజన్ దాదాపు ఊపిరి పీల్చుకునేంత స్లోకి దించాలి, లేకపోతే మీ అల వల్ల వాళ్ళ బోటు ఊగి, స్టవ్ మీద టీ ఒలికి, లోపల్నుంచి ఒక తల బయటికి వచ్చి "స్లో డౌన్" అంటుంది. ఆ తలకి కోపం రావడం న్యాయమే, అది వాళ్ళ ఇల్లు. గుర్తు ఏంటంటే, మీ వెనక వచ్చే అల గట్టుకి కొట్టుకుని విరుగుతుంటే మీరు ఎక్కువ స్పీడులో ఉన్నారు.

ఐదు మైళ్ళకి రెండు గంటలా? నడిచి వెళ్ళినా అంతే కదా?

అంతే. గట్టు మీద కుక్కని తిప్పుతున్న పెద్దాయన మిమ్మల్ని దాటేసి వెళ్ళిపోతాడు. మీ బావగారికి ఇది మొదటి గంట నచ్చదు, ఫోన్ తీసి గూగుల్ మ్యాప్స్‌లో "ఇంకెంత దూరం" అని చూస్తారు. చూడనివ్వండి. రెండో గంటలో ఫోన్ జేబులోకి పోతుంది, ఎందుకంటే చూడాల్సింది ఏదీ తొందరగా వెనక్కి పోవట్లేదు అని అప్పటికి అర్థమవుతుంది. కొంగ ఒకటి గట్టున నిలబడి ఉంటుంది, మీరు దగ్గరికి వచ్చేదాకా కదలదు, వచ్చాక విసుగ్గా లేచి యాభై గజాల ముందుకి వెళ్ళి వాలుతుంది, మళ్ళీ మీరు అక్కడికి వెళతారు, మళ్ళీ లేస్తుంది. ఇలా అరగంట నడుస్తుంది.

మన వాళ్ళు చేసే ఒకే ఒక్క తప్పు ఈ రోజులో ఎక్కువ కుక్కడం. పొద్దున బోటు, మధ్యాహ్నం చర్క్ కోట, సాయంత్రం లాంగోలెన్ ఊరు, రాత్రికి ఇల్లు అని ప్లాను వేస్తారు. అలా వేస్తే పడవలో కూర్చున్నా మనసు కారులోనే ఉంటుంది. ఆ రోజుకి కాలువ ఒక్కటే పెట్టుకోండి, అది కూడా మొత్తం దూరం పోవాలన్న పట్టుదల లేకుండా.

ఎంత దూరం వెళ్ళి తిరగాలి? ఎక్కడైనా తిప్పేయొచ్చా?

ఎక్కడ పడితే అక్కడ తిప్పలేరు, బోటు పొడవు కాలువ వెడల్పు కంటే ఎక్కువ. తిప్పుకోవడానికి అక్కడక్కడా కాలువని వెడల్పు చేసి ఉంచారు. బయల్దేరే ముందే బోటు యార్డు వాళ్ళ చేత మ్యాపు మీద ఆ చోట్లకి సున్నాలు చుట్టించుకోండి, "ఏ టైముకి ఇక్కడ తిరగకపోతే లేటవుతాం" అని కూడా అడిగి రాసుకోండి. ఇంకో సంగతి, లాంగోలెన్ కాలువలో నీళ్ళు పారుతుంటాయి, ట్రెవర్ నుంచి చర్క్ వైపుకి. వెళ్ళేటప్పుడు ప్రవాహం తోస్తుంది, వచ్చేటప్పుడు ఎదురు తోస్తుంది. అక్విడెక్టుల మీదా టన్నెళ్ళలోనూ బోటు కాలువ నిండా ఉంటుంది కాబట్టి నీళ్ళకి పక్కనుంచి పోయే చోటు తక్కువ, అక్కడ మరీ నత్తనడక. వెళ్ళడానికి పట్టినంత టైమే రావడానికీ సరిపోతుందనుకుంటే సాయంత్రం టెన్షన్ తప్పదు.

అక్విడెక్టు మీద భయం వేస్తుందా?

ఈ ప్రశ్నకి అబద్ధం చెప్పను, కొంతమందికి వేస్తుంది. పాంట్‌కసల్తె అక్విడెక్టు డీ నది మీద 126 అడుగుల ఎత్తులో ఉంటుంది, అంటే 38 మీటర్లు. పొడవు 307 మీటర్లు. కింద 18 రాతి స్తంభాలు, వాటి మీద పోత ఇనుముతో చేసిన తొట్టి, ఆ తొట్టిలో నీళ్ళు, నీళ్ళలో మీరు. ఒక వైపు నడిచే దారి, దానికి రెయిలింగ్ ఉంటుంది. రెండో వైపు ఏమీ ఉండదు. తొట్టి అంచు నీటి మట్టం కంటే కొన్ని అంగుళాలే పైకి ఉంటుంది, బోటులో నిలబడి చూస్తే ఆ అంచు కూడా కనబడదు, నేరుగా చెట్ల కొసలు, కింద నది, నది పక్కన ఫుట్‌బాల్ ఆడుతున్న చీమలంత మనుషులు.

బోటు మాత్రం ఎటూ పడదు. తొట్టి గోడలకి రాసుకుంటూ పోతుంది, పక్కకి పోవడానికి చోటే లేదు, నిజానికి రోజు మొత్తంలో స్టీరింగ్ తేలికగా ఉండేది అక్కడే. భయపడే వాళ్ళని లోపల, నడక దారి వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. అదీ వద్దంటే ఇవతల దింపేస్తే వాళ్ళు నడక దారి మీద రెయిలింగ్ పట్టుకుని అవతలికి రావచ్చు, బోటు కంటే ముందే చేరతారు. పిల్లలు దాటేటప్పుడు బోటు లోపల ఉండాలి, పైకప్పు మీద ఎవరూ కూర్చోకూడదు, చేతులు బయటికి చాచకూడదు. ఇవి సలహాలు కావు, రూల్స్. ఇంకొకటి, దాని వెడల్పులో ఒక్క బోటే పడుతుంది. అవతల నుంచి ఎవరైనా ఎక్కి ఉంటే మీరు ఇవతల ఆగాలి. దూరంగా కనబడుతుంది కాబట్టి మొండిగా ఎక్కేయకండి, మధ్యలో ఎదురుపడితే ఒకళ్ళు వెనక్కి పోవాల్సిందే.

నా అభిప్రాయం అడిగితే, వెళ్ళేటప్పుడు మనం భయం చూస్తాం, వచ్చేటప్పుడు లోయని చూస్తాం. అందుకే రెండు సార్లు దాటే ఈ దారి నాకు నచ్చుతుంది.

అంత ఎత్తున ఇనుప తొట్టిలో కాలువ పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చింది?

విలియం జెస్సప్, థామస్ టెల్ఫర్డ్. పని 1795లో మొదలై 1805 నవంబరు 26న తెరిచారు. మామూలుగా అయితే లోయ దగ్గర లాకులు కట్టి కాలువని కిందికి దింపి, నదిని తక్కువ ఎత్తులో దాటించి, మళ్ళీ లాకులతో పైకి ఎక్కించాలి. దానికి నీళ్ళూ టైమూ రెండూ ఖర్చే. రాతితో కట్టి లోపల మట్టి మెత్తితే బరువు ఎక్కువ, స్తంభాలు చాలా లావుగా కట్టాలి. ఇనుప తొట్టి అయితే బరువు తగ్గుతుంది. స్తంభాల పై భాగాన్ని కూడా లోపల బోలుగా వదిలేశారు, బరువు ఇంకా తగ్గింది. ఇనుము పోత పోసింది విలియం హేజిల్‌డీన్ అనే ఆయన, అక్కడికి దగ్గర్లోనే. పలకల మధ్య సందుల్లో ఫ్లానెల్ గుడ్డ, సీసం కలిపి కుక్కి నీళ్ళు కారకుండా చేశారు. సున్నంలో ఎద్దు రక్తం కలిపారని అక్కడ అందరూ చెబుతారు, బోటు యార్డు కుర్రాడు కూడా చెబుతాడు. తొట్టి మధ్యలో ఒక ప్లగ్ ఉంది, రిపేర్లూ తనిఖీలూ చేయాల్సినప్పుడు రెండు చివర్లా కాలువని మూసి ఆ ప్లగ్ లాగేస్తారు, నీళ్ళన్నీ 126 అడుగుల కిందున్న డీ నదిలోకి దూకుతాయి.

ఇంతా చేస్తే ఈ కాలువ చేరాల్సిన చోటికి చేరలేదు. ఎల్స్‌మియర్ కెనాల్ అనే పేరుతో మెర్సీ, డీ, సెవెర్న్ నదులని కలపాలన్నది అసలు ప్లాను. డబ్బు చాలక మధ్యలో ఆగిపోయింది, ఉత్తరం వైపు కాలువ ట్రెవర్ దగ్గరే ముగిసిపోయింది. మీరు బోటు ఎక్కే రేవు అదే. పై నుంచి రావాల్సిన నీళ్ళు రాలేదు కాబట్టి డీ నది మీద లాంగోలెన్ పైన హార్స్‌షూ ఫాల్స్ అనే వంపు తిరిగిన చిన్న ఆనకట్ట కట్టి, అక్కడ్నుంచి నీళ్ళు తెచ్చారు, అది 1808 నాటికి అయింది. ఆ నీళ్ళే ఈ కాలువ ప్రాణం నిలబెట్టాయి. రైళ్ళు, లారీలు వచ్చి సరుకు రవాణా పడిపోయాక 1944లో చట్టం చేసి ఈ కాలువ మీద బోట్లు మూసేశారు. కానీ దీనిలో పారే నీళ్ళు చెషైర్‌లోని హర్ల్‌స్టన్ రిజర్వాయరుకి తాగునీళ్ళుగా పోతున్నాయి, అందుకని పూడ్చలేకపోయారు. తర్వాత సరదా బోట్ల కాలం వచ్చేసరికి కాలువ నీళ్ళతో సిద్ధంగా ఉంది. వాడకం లేక పూడిపోయిన కాలువలు ఆ దేశంలో చాలా ఉన్నాయి, ఇదీ ఆ లిస్టులో చేరేదే.

టన్నెల్లో చీకటిగా ఉంటుందా?

ఉంటుంది. ముందు వైట్‌హౌసెస్ టన్నెల్, చిన్నది. తర్వాత చర్క్ టన్నెల్, 420 మీటర్లు, లోపలికి వెళ్ళాక చల్లగా ఉంటుంది, పై నుంచి నీటి చుక్కలు పడతాయి. బోటు ముందు లైటు వేసుకోవాలి. రెండు బోట్లు పట్టవు, అవతల లైటు కనబడితే ఆగాలి. పిల్లలు కేకలు వేసి ప్రతిధ్వని వింటారు, పెద్దవాళ్ళు కూడా. టన్నెల్ దాటీ దాటగానే చర్క్ అక్విడెక్టు వస్తుంది, 1801 నాటిది, 70 అడుగుల ఎత్తు. దాని పక్కనే దానికంటే ఎత్తుగా రైలు వంతెన. కాలువల వ్యాపారాన్ని తినేసిన రైలు కాలువ నెత్తి మీద నుంచి పోతున్నట్టు ఉంటుంది అక్కడ. రైలు వస్తే డ్రైవరుకి చెయ్యి ఊపండి.

ఎత్తే వంతెన మేమే ఎత్తాలా?

అవును. ఫ్రాన్‌కసల్తె ఊళ్ళో ఉంది. ఒకరు ముందే దిగి, విండ్‌లాస్ అనే ఇనుప హ్యాండిల్ పెట్టి తిప్పాలి, బోటు దాటాక దించాలి. కండలు చూపించాలని ఉన్న టీనేజర్లకి మంచి పని. బోటు పూర్తిగా దాటేదాకా దించొద్దు.

లాకులు ఎలా దాటాలో తెలియదు, పర్వాలేదా?

ఈ దారిలో రావని చెప్పాను కదా. గ్లెడ్రిడ్ దాటి ఇంకా ముందుకి పోతే న్యూ మార్టన్ లాకులు వస్తాయి, ఒక్క రోజు ట్రిప్పులో అక్కడిదాకా పోనే పోకండి. ఎప్పుడైనా వేరే కాలువకి వెళితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి: లాకులో కిందికి దిగుతున్నప్పుడు వెనక గేటు కింద నీళ్ళలో ఒక రాతి మెట్టు దాగి ఉంటుంది, దాని హద్దుకి గోడ మీద తెల్ల గీత ఉంటుంది. బోటు వెనక భాగం ఆ గీతకి ముందే ఉండాలి. మెట్టు మీద చిక్కుకుంటే నీళ్ళు దిగే కొద్దీ బోటు ముందుకి ఒరిగి మునిగిపోతుంది.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఎక్కగలదా?

గట్టు నుంచి బోటులోకి ఒక అడుగు, తర్వాత లోపలికి రెండు మూడు మెట్లు. చేయి పట్టుకుంటే ఎక్కేస్తారు. లోపల మళ్ళీ మళ్ళీ లేవాల్సిన పని లేదు, కిటికీ పక్కన కూర్చుంటే ఊరంతా ఆవిడ దగ్గరికే వస్తుంది. ముందు వైపు బయట కూర్చునే చోటు బాగుంటుంది, ఇంజన్ చప్పుడు వెనకే ఉండిపోతుంది కాబట్టి అక్కడ నీళ్ళు చీలే శబ్దం తప్ప ఏమీ వినబడదు. నాన్నగారికి మాత్రం టిల్లర్ ఇవ్వండి. ముందు వద్దంటారు. ఇచ్చాక తిరిగి తీసుకోవడం కష్టం.

పడవ అంటే కళ్ళు తిరుగుతాయని భయపడే వాళ్ళకి ధైర్యం చెప్పండి. ఇక్కడ అలలు ఉండవు.

చిన్న పిల్లలు ఉన్నారు, సేఫేనా?

లైఫ్ జాకెట్లు అడిగితే ఇస్తారు, బుకింగ్ అప్పుడే పిల్లల బరువులు చెప్పండి. జాకెట్ రోజంతా ఒంటి మీదే ఉండాలి, ఫోటో కోసం కూడా తీయొద్దు. బోటు గోడకీ గట్టుకీ మధ్య, బోటుకీ వంతెనకీ మధ్య కాలో చెయ్యో పెట్టి ఆపాలని చూడటం అన్నిటికంటే ప్రమాదం. టన్నుల బరువున్న బోటుని కాలితో ఆపలేం. తగిలితే తగలనివ్వండి, బోటు తట్టుకుంటుంది. ఇది పిల్లల కంటే ముందు నాన్నలకి చెప్పాలి.

నీళ్ళలో పడితే?

చాలా చోట్ల నడుము లోతే, నిలబడండి, గట్టెక్కండి. బోటు మీద ఉన్న వాళ్ళు చేయాల్సిన మొదటి పని గేరు న్యూట్రల్ చేయడం, ఎందుకంటే భయపడాల్సింది లోతు గురించి కాదు, వెనక తిరిగే ఫ్యాను గురించి. రివర్స్ అసలు వేయకండి. సరదాగా ఈత కొట్టడానికి మాత్రం దిగొద్దు. కాలువ నీళ్ళలో ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ భయం ఉంటుంది, నీళ్ళు తగిలిన చేతులు కడుక్కునే అన్నం తినండి.

తిండి సంగతేంటి? పబ్‌లో మనకి ఏం దొరుకుతుంది?

చిప్స్ దొరుకుతాయి. అందుకే ఇంటి నుంచి తీసుకెళ్ళండి. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, చపాతీలు, అరటిపళ్ళు. బోటులో కెటిల్ ఉంటుంది, చాలా వాటిలో చిన్న స్టవ్ కూడా ఉంటుంది, టీ పొడి మనదే పట్టుకెళితే అల్లం టీ పెట్టుకోవచ్చు. నూనెలో వేయించే పనులు పెట్టుకోకండి, ఆ చిన్న గదిలో వాసన సాయంత్రం దాకా పోదు, పైగా బోటు మలుపు తిరిగేటప్పుడు మూకుడు జారుతుంది. పేపర్ ప్లేట్లు గాలికి ఎగిరి నీళ్ళలో పడతాయి, స్టీలు ప్లేట్లు తెచ్చుకోండి.

భోజనం కదులుతూ చేయొద్దు. మధ్యాహ్నం ఎక్కడైనా చెట్టు నీడ చూసుకుని గట్టుకి కట్టేయండి. బోటుతో పాటు రెండు ఇనుప మేకులు, సుత్తి ఇస్తారు, గట్టులో దిగ్గొట్టి ముందూ వెనకా తాళ్ళు కట్టాలి. నడిచే వాళ్ళ కాళ్ళకి తాడు అడ్డం రాకుండా చూసుకోండి. మలుపుల్లో, వంతెన పక్కన కట్టొద్దు. ఆ గంటన్నరకి మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు. మామయ్య గడ్డి మీద తువ్వాలు పరిచి పడుకుంటారు, బాతులు చపాతీ ముక్కల కోసం వస్తాయి, హంస వస్తే కాస్త జాగ్రత్త, దాని కోపం మామూలుగా ఉండదు. ఆగస్టు చివర్లో వెళితే గట్టు పక్క ముళ్ళపొదల్లో బ్లాక్‌బెర్రీలు పండి ఉంటాయి.

బాత్రూమ్ ఉంటుందా?

ఉంటుంది, చిన్నది. బుక్ చేసే ముందు అడిగి కనుక్కోండి, మరీ చిన్న బోట్లలో ఉండకపోవచ్చు.

వాన పడితే డబ్బు వెనక్కిస్తారా?

ఇవ్వరు. అది వేల్స్, వాన పడుతుంది. లోపల ఉన్న వాళ్ళకి వాన కూడా బాగానే ఉంటుంది, నడిపే వాడికే తడుపు. అందరికీ రెయిన్‌కోట్లు, ఒక పాత స్వెటరు, రబ్బరు అడుగున్న బూట్లు. గొడుగు వద్దు, వంతెన కింద దాని గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. జూలైలో కూడా పొద్దున చలిగానే ఉంటుంది, మధ్యాహ్నం ఎండ వస్తే మాత్రం నడిపే వాళ్ళ మెడ మాడుతుంది, టోపీ ఉండాలి. చీరలో వచ్చే వాళ్ళు కొంగు దోపుకుంటే చాలు, కానీ వెనక ఇంజన్ దగ్గర మాత్రం నిలబడొద్దు.

ఎక్కడైనా ఇరుక్కుపోతే?

అంచుకి పోయి బురదలో ఆగిపోవడం అందరికీ జరిగేదే. ముందుకి ఇంకా గట్టిగా తోయకండి. రివర్స్ వేసి వచ్చిన దారినే వెనక్కి రండి, బోటు మీద పొడుగు కర్ర ఉంటుంది, దాన్ని నేలకి ఆనించి తోయండి, మనుషులందరూ లోతు ఉన్న వైపుకి జరిగితే బోటు కొంచెం ఒరిగి వదులుతుంది. ఫ్యానుకి గుడ్డో ప్లాస్టిక్ సంచో చుట్టుకుంటే శబ్దం మారుతుంది, స్పీడు పడిపోతుంది. అప్పుడు ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, యార్డుకి ఫోన్ చేయండి.

గట్టు మీద వాళ్ళు అందరూ హలో అంటున్నారు. ఏమనాలి?

హలో అనండి. లండన్ ట్యూబులో ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోని దేశంలో కాలువ మీద మాత్రం అందరూ అందరితో మాట్లాడతారు. ఎక్కడ్నుంచి వచ్చారు, ఎంత దూరం, ముందు టన్నెల్ దగ్గర క్యూ ఉందా, అన్నీ. మా పెద్దవాళ్ళకి ఇంగ్లీషు రాదన్న బెంగ వద్దు, వాతావరణం గురించి తల ఊపితే చాలు. పెద్ద గొంతుతో పాటలు పెట్టడం మాత్రం వద్దు, నీళ్ళ మీద శబ్దం చాలా దూరం పోతుంది.

ట్రెవర్ నుంచి చర్క్ వైపు కాకుండా లాంగోలెన్ ఊరి వైపు బోటులో వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు, అందంగానే ఉంటుంది, కానీ అటు ఎదురు ప్రవాహం, కాలువ కొన్ని చోట్ల మరీ ఇరుకు, ఒకళ్ళు దిగి ముందుకి నడిచి ఎదురుగా బోటు లేదని చూసి రావాలి. మొదటిసారికి వద్దు. ఆ ఊరికి ఇంకో రోజు కారులో వెళ్ళండి, అక్కడి రేవు నుంచి గుర్రం లాగే బోట్లు ఉన్నాయి, 1884 నుంచి నడుస్తున్నాయి. మోటారు చప్పుడు లేకుండా గుర్రం డెక్కల చప్పుడుతో ముప్పావుగంట, పెద్దవాళ్ళకి అదే ఎక్కువ నచ్చినా ఆశ్చర్యం లేదు.

ఇలాంటివి మన దగ్గర లేవా?

ఎందుకు లేవు. గోదావరి జిల్లాల వాళ్ళకి నేను లాకుల గురించి చెప్పబోతే వాళ్ళే నాకు చెబుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాటన్ దొర తవ్వించిన కాలువలు నీళ్ళు పారించడానికి మాత్రమే కాదు, పడవలు నడపడానికి కూడా. ధవళేశ్వరంలో, విజ్జేశ్వరంలో లాకులు ఆ కాలం నాటివే. ధాన్యం పడవలని మనుషులే గట్టు మీద తాడు పట్టుకుని లాగేవాళ్ళు, ఇంగ్లండ్‌లో గుర్రం చేసిన పని మన దగ్గర మనిషి చేశాడు. కోనసీమలో పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరి మీద నుంచి కాలువని దాటించిన అక్విడెక్టు కూడా ఆ రోజుల్లోనే కట్టారు. కాబట్టి కోనసీమ తాతగారు ఎవరైనా పాంట్‌కసల్తె చూసి "మా గన్నవరంలో ఉందిగా" అంటే కాదనకండి, ఆయన మాట నిజమే, ఎత్తులోనే తేడా. ఆ కాలువల మీద ఇలా అద్దెకి బోటిచ్చి, తాళం చేతిలో పెట్టి, సాయంత్రం తెచ్చి ఇవ్వండి అనే పద్ధతి మాత్రం మన దగ్గర రాలేదు. రావాలని నాకుంది.

బీరు తాగుతూ నడపొచ్చా?

నడిపే వాళ్ళు వద్దు. మిగతా వాళ్ళు కూడా అక్విడెక్టు దాటాక చూసుకోండి.

ఖర్చెంత? ఎంతమంది పడతారు?

బోటుకి కడతారు, మనిషికి కాదు. సాధారణంగా 10 నుంచి 12 మంది దాకా ఎక్కనిస్తారు, 12 దాటనివ్వరు. రెండు కుటుంబాలు కలిసి వెళితే తలకి పడేది థీమ్ పార్కు టికెట్టు కంటే తక్కువే ఉంటుంది. శని, ఆదివారాలు, బ్యాంక్ హాలిడేలు, స్కూలు సెలవులు రేటు ఎక్కువ, బోట్లు తక్కువ. మామూలు మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకోగలిగితే పెట్టుకోండి, టన్నెళ్ళ దగ్గర ఎదురుచూపులు కూడా తగ్గుతాయి. డీజిల్ అద్దెలో కలిసి ఉందో లేదో, డిపాజిట్ ఎంతో, లేటైతే ఎంత కోస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి.

అక్కడికి చేరడం ఎలా? ఎన్నింటికి ఉండాలి?

కారులో మాంచెస్టర్ నుంచి గంటన్నర, బర్మింగ్‌హామ్ నుంచి రెండు గంటల లోపు. రైలులో అయితే చెస్టర్, ష్రూస్‌బరీ మధ్య లైనులో రుయాబన్ స్టేషన్‌లో దిగి టాక్సీ ఎక్కాలి. బోటు పొద్దున తొమ్మిదీ పదీ మధ్య ఇస్తారు, సాయంత్రం వాళ్ళు చెప్పిన టైముకి రేవులో ఉండాలి. లండన్ నుంచి అదే రోజు తెల్లవారుజామున బయల్దేరి వచ్చే ప్లాను వేయకండి, ముందు రాత్రే చర్క్‌లోనో లాంగోలెన్‌లోనో పడుకోండి. లేకపోతే మీ ఇంట్లో బాగా డ్రైవ్ చేసే మనిషి రోజంతా బోటులో నిద్రపోతాడు, టిల్లర్ అప్పగించడానికి మీకు బావగారే మిగులుతారు.